ఆస్పినాల్ గారూ, చర్చి పైకప్పూ

విల్ఫ్రెడ్ ఆస్పినాల్ గారికి ఒకే ఒక్క జబ్బుండేది. సెయింట్ ఆస్విన్ చర్చిలో కూర్చున్నవాళ్ళను ప్రశాంతంగా ముందుకు చూడనిచ్చేవాడు కాదు. పెళ్ళి గానీ, చావు గానీ, బిషప్పుగారి ప్రసంగం గానీ, పూనకం వచ్చిందంటే చాలు, లేచి నిలబడి గొడుగు పైకెత్తి, "ఆ దూలం చూశారా?" అనేవాడు. ఆ మాట చెవిన పడితే మెడ ఎవరి మాటా వినదు, దానంతటదే లేస్తుంది. ఊళ్ళో మెడనొప్పి తైలం ఖర్చంతా ఆయన చలవేనని మందులషాపు యజమాని ఒప్పుకునేవాడు.

చూడదగ్గ కప్పే, కాదనడానికి లేదు. విక్టోరియా రాణి కాలంలో ఈ ఊరి మిల్లు యజమానులు, పక్క ఊరి మిల్లు యజమానుల మీద పంతంకొద్దీ కట్టించిన చర్చి అది. రెండు రంగుల ఇటుక గోడలు, మొనదేలి లేచిన కమానులు, పడవను బోర్లించినట్టున్న కప్పు. గోడల్లోంచి మోచేతుల్లా పొడుచుకొచ్చిన దూలాలు, ఒక్కో దూలం కొసన రెక్కలు విప్పిన చెక్క దేవదూత. చిక్కంతా ఆస్పినాల్ గారు చెప్పే చరిత్రతోనే. ఏ వారం చరిత్ర ఆ వారానిది.

చర్చి పెద్ద డోర్కస్ హార్గ్రీవ్స్‌కు అది గిట్టేది కాదు. ఆవిడ బడి పెద్ద పంతులమ్మగా చేసి విరమించిన మనిషి. తప్పు వింటే దిద్దకుండా ఉండలేదు.

"కిందటి వారం ఆ దూలం నార్వే నుంచి వచ్చిందన్నారు."

"అవునమ్మా."

"ఇవాళేమో మునిగిన ఓడలోంచి తీశారంటున్నారు."

"నార్వే నుంచి వస్తూనే మునిగింది, తల్లీ."

నెస్టా క్రౌదర్ పెళ్ళినాడు పెళ్ళికొడుకు ఎంతకీ రాలేదు. తెల్లగౌనులో ఆ పిల్ల గుమ్మంలో నిలబడి ఉంది. బల్లల మీద గుసగుసలు మొదలయ్యాయి. "వాడు రాడే." "నేనప్పుడే అన్నానుగా, ఆ మొహం చూసి." అంతలో గొడుగు లేచింది. దూలాలు చెక్కినవాడి మేనత్త కథ సాగుతూ సాగుతూ ఉండగా, టై మెడ వెనక్కి తిరిగిన పెళ్ళికొడుకు రొప్పుతూ వచ్చి తన చోట నిలబడ్డాడు. వాడు ఎప్పుడొచ్చాడో చూసినవాళ్ళు లేరు.

ఇంకో ఆదివారం ముసలి ఎంట్విజిల్ గారు కీర్తనలో పై స్థాయి అందుకోబోతే కట్టుడుపళ్ళు ఊడి పూలపలకల నేల మీద టకటకమంటూ దొర్లాయి. ఆ క్షణంలోనే ఆస్పినాల్ గారు, "అదుగో, ఆ దేవదూతకి ఆరు వేళ్ళు," అన్నాడు. జనమంతా లెక్కపెట్టారు. డోర్కస్ రెండుసార్లు లెక్కపెట్టింది. ఐదే ఉన్నాయి. ఆవిడ ఒళ్ళు మండిపోయింది.

బిషప్పుగారు వచ్చినరోజు మరీ దారుణం. జైలు నుంచి కొత్తగా విడుదలైన క్రాబ్‌ట్రీ, అందరితోపాటు రొట్టె, ద్రాక్షరసం అందుకోవడానికి ప్రభువు బల్ల దగ్గరికి వెళ్దామని తల వంచుకుని లేచాడు. సరిగ్గా అప్పుడే గొడుగూ లేచింది. ఊరంతా పైకి చూసింది. బిషప్పుగారూ చూశాడు. ఆయన కిరీటంలాంటి టోపీ వెనక్కి జారి పాదిరిగారి పాదాల మీద పడింది.

మర్నాడే డోర్కస్ తన ఇత్తడి పొన్ను కర్ర పట్టుకుని ఆస్పినాల్ గారింటికి వెళ్ళింది. ఆరాధనలో అల్లరి చేసేవాణ్ణి బయటికి నడిపించమని చర్చి పెద్దకు పూర్వకాలం నుంచి ఇచ్చిన కర్ర అది. ఎవరి మీదా వాడి ఎరగరు.

"ఇకమీదట ఆరాధనలో మీ నోట దూలం మాట వస్తే, దీనితో నేనే బయటికి నడిపిస్తాను."

ఆయన టీ కలపడం ఆపాడు. "ఎప్పుడూ రాకూడదా?"

"ఎప్పుడూ."

"ఒకవేళ అవసరం పడితే?"

"దూలంతో అవసరం ఎవరికి పడుతుందండీ?"

ఆస్పినాల్ గారు ఏదో చెప్పబోయాడు. చెప్తే ఎవరెవరి సంగతులు బయటపడతాయో అనుకున్నాడేమో, మానేశాడు. "నీ ఇష్టం, తల్లీ," అన్నాడు. ఆ మాట ఎందుకు మింగాడని అప్పుడే అడిగి ఉండవలసింది. గెలిచిన సంతోషంలో డోర్కస్ అడగలేదు.

చర్చి నిశ్శబ్దమైంది. ఆ నిశ్శబ్దంలో ఒక కొత్త వితంతువు కీర్తన మధ్యలో కళ్ళు తుడుచుకుంటూ లేచి వెళ్ళిపోయింది, మళ్ళీ రాలేదు. క్రాబ్‌ట్రీ మొదట వెనక బల్లకి మారాడు, తరవాత రావడమే మానేశాడు. ఆరాధన ఇప్పుడు ఎంత క్రమంగా జరుగుతోందో చూశారా అని డోర్కస్ పాదిరిగారితో అంది.

వసంతంలో ఆవిడ భర్త ఆమోస్ పోయాడు.

అంత్యక్రియలకు వచ్చినవాళ్ళలో సగంమంది ఆవిడ దగ్గర చదువుకున్నవాళ్ళే. పంతులమ్మ ఏడవడం వాళ్ళెవరూ ఎరగరు. ఆమోస్ ఎప్పుడూ శ్రుతి తప్పి పాడే కీర్తన వచ్చింది. అందరూ శ్రుతిలో పాడుతున్నారు. దాంతో ఆవిడకి ఏడుపు ముంచుకొచ్చింది. చేతిసంచిలో రుమాలు లేదు. ముక్కు కారుతోంది. తల తిప్పకుండానే తెలుస్తోంది, చర్చి అంతా జాలిగా తన మొహం వైపే చూస్తోందని.

అవతలి బల్ల మీద ఆస్పినాల్ గారు గొడుగుని రెండు చేతులా అదిమి పట్టుకుని కూర్చున్నాడు. పెదవులు బిగించాడు. ఆవిడ పక్కన నిలబెట్టిన ఇత్తడి పొన్ను కర్రకేసి చూస్తున్నాడు.

నెస్టా, ఎంట్విజిల్ గారు, క్రాబ్‌ట్రీ, ముగ్గురూ ఒక్కసారే డోర్కస్ కళ్ళముందుకు వచ్చారు. వాళ్ళ వెనకే ఆ వితంతువు వచ్చింది. ఆ అమ్మాయి లేచి వెళ్ళిపోయిన రోజున గొడుగుని కింద ఉంచింది తనే. దాన్ని దిద్దడానికి ఇప్పుడు ఏ ఎర్రసిరా పనికిరాదు.

"ఆస్పినాల్ గారూ," అంది, ఉన్న కాస్త గొంతుతో. "ఆ దూలం ఎక్కడిదన్నారు?"

పాట ఆగిపోయింది.

"ఏ దూలమమ్మా?"

"ఏదైనా సరే."

గొడుగు లేచింది. ఊరి మెడలన్నీ లేచాయి. ఆ రోజు ఆ దూలం ఒక రాజుగారి మంచం నుంచి, ఒక ఉరికొయ్య నుంచి, ఇంకా పేరు తెలియని ఒక అడవి నుంచి వచ్చింది. శవపేటిక మోసేవాళ్ళు కూడా నోళ్ళు తెరుచుకుని పైకి చూస్తున్నారు. డోర్కస్ చేతితొడుగులోకి మొహం దాచి, చిన్నపిల్లలా, ముక్కుతో సహా ఏడ్చింది. ఆయన చెప్పినదాంట్లో ఒక్క ముక్క కూడా దిద్దలేదు.

కాసేపటికి గొడుగు దించకుండానే ఆయన ఇటు వంగాడు.

"అయిందా, తల్లీ?"

"అయిందనుకుంటా."

"తొందరేం లేదు, ఇంకాస్త కానీ. ఉత్తరం వైపు దూలాలు నేనింకా మొదలే పెట్టలేదు."