అన్నయ్య మీద రెండు సాధన వ్యాసాలు

అన్నయ్యకు పంజాగుట్టలో డయాలసిస్ జరుగుతున్న రోజుల్లో నేను వ్యాసాలు రాయడం నేర్చుకున్నాను. అతన్ని లోపలికి పంపాక గంటల తరబడి వరండాలో కూర్చోవాలి. బ్యాంకు ఉద్యోగం నుంచి అప్పుడే రిటైరయ్యాను, ఊరికే కూర్చోవడం చేతకాదు. ఇంటర్నెట్‌లో ఎవరైనా రాయగలిగే తెలుగు విజ్ఞాన సర్వస్వం ఒకటుందని, ఆదివారాలు ఖైరతాబాద్‌లో ఒక హాల్లో దానికి శిక్షణ ఇస్తున్నారని తెలిసి వెళ్లాను. నేర్పే ఆయన సిద్దిపేట వైపు మనిషి, నాకంటే చాలా చిన్నవాడు.

సాధన కోసం ఆయన మాకు రెండు అంశాలిచ్చాడు. ఒకటి, ఏదైనా వ్యాపారం స్థాపించిన మనిషి. రెండోది, తనకు తానే దేశమని ప్రకటించుకున్న చిన్న జాగా.

"గీ రెండిట్లనే తప్పులు జాస్తి. మొదటిదాంట్ల పొగుడుతరు, రెండోదాంట్ల ఎక్కిరిస్తరు. రెండూ వద్దు" అన్నాడు. రాసింది సాధన పేజీలోనే ఉంటుంది, విజ్ఞాన సర్వస్వంలోకి పోదు కాబట్టి తెలిసినవాళ్ల మీదైనా రాయొచ్చన్నాడు.

నాకు రెండింటికీ అన్నయ్యే దొరికాడు.

అన్నయ్య తెనాలి నుంచి వచ్చి అమీర్‌పేటలో కంప్యూటర్ కోచింగ్ సెంటర్ పెట్టినప్పుడు ఆ సందులో అలాంటివి ఒకటో రెండో ఉండేవి. తర్వాత గోడ కనబడకుండా బోర్డులొచ్చాయి. అతను పెళ్లి చేసుకోలేదు. పొద్దున బ్యాచ్‌తో మొదలై రాత్రి బ్యాచ్‌తో రోజు అయిపోయేది. పాఠాలు ఫోన్లోకి వచ్చేశాక పిల్లలు తగ్గిపోయారు. చివరికి క్లాసు గదులు ఖాళీ చేసి, అదే బిల్డింగులో మేడ మీది ఒంటిగదిలో ఉండిపోయాడు.

లాక్‌డౌన్ వచ్చి హాస్టళ్లు మూసేసినప్పుడు, ఊళ్లకు పోలేక రోడ్డు మీద నిలబడ్డ తన చివరి బ్యాచ్ విద్యార్థులు కొందరిని ఆ గదికి తెచ్చుకున్నాడు. ఇరుకు, భయం, ఇళ్ల మీద బెంగ. వాళ్లలో ఇద్దరు ఒకరినొకరు కొట్టుకునేదాకా వచ్చిందట. ఆ సాయంత్రం అన్నయ్య నీళ్ల ట్యాంకు పక్కన నిలబడి, ఈ మేడ ఇవాళ్టి నుంచి స్వతంత్ర దేశమని ప్రకటించాడు. పాత లుంగీతో జెండా కట్టాడు. కొట్లాడినవాళ్లిద్దరికీ గిన్నెలు తోమే శాఖ ఇచ్చి మంత్రుల్ని చేశాడు. ఆ దేశానికి ఒకటే చట్టం: ఎవరూ ఒంటరిగా తినకూడదు.

దారులు తెరుచుకోగానే పిల్లలు వెళ్లిపోయారు. అన్నయ్య అక్కడే ఉన్నాడు, ఒక్కడే వండుకుని ఒక్కడే తింటూ.

ఇదంతా రాసి ఖైరతాబాద్ తీసుకెళితే, నేర్పే ఆయన చదివి కొట్టివేతలు మొదలుపెట్టాడు. ముందు 'గారు' పోయింది.

"గారు అనద్దు మేడం. 'ఆయన' సుత వద్దు. అతను, స్థాపించాడు, నడిపాడు. ఎవలకైనా గట్లనే."

ఇంట్లో నేను అన్నయ్యను నువ్వు అనే పిలిచేదాన్ని. కానీ బయటివాళ్ల ముందు మా అన్నయ్యగారు అనడం చిన్నప్పటి నుంచీ అలవాటు. ఆ రెండక్షరాలు తీసేస్తుంటే, నలుగురిలో అతని భుజం మీది కండువా లాగేసినట్టనిపించింది.

"వేలమంది జీవితాలు నిలబెట్టిండని రాసిన్రు. ఎవరన్నరు?"

"నేను చూశాను కదండీ."

"మీరు చెల్లెలు గదా మేడం. వేరేటోళ్లు ఎక్కడన్న రాసిన్రా? పేపర్ల?"

పేపర్లో వచ్చినవి అన్నయ్య ఇచ్చుకున్న ప్రకటనలే. అవి లెక్కలోకి రావన్నాడు. రెండు పేజీల మనిషి నాలుగు వాక్యాలయ్యాడు.

తర్వాతిసారి డయాలసిస్ అయ్యాక, నీరసంగా పడుకుని ఉన్న అన్నయ్య, "ఏంటమ్మా, నా మీద ఏదో రాస్తున్నావట, చదువు" అన్నాడు. చదివాను. వ్యాపారవేత్త అన్న మాటకు నవ్వాడు. దేశం గురించి చదువుతూ 'దీన్ని ఏ దేశమూ గుర్తించలేదు' అన్న చోటికి రాగానే చెయ్యెత్తి ఆపాడు.

"అది తప్పు. ఆ పిల్లల అమ్మానాన్నలు గుర్తించారు. రోజూ ఫోన్ చేసేవాళ్లు, అధ్యక్షుడుగారూ, మీ దేశంలో మావాడు అన్నం తిన్నాడా అని."

"అది రాయడానికి లేదు అన్నయ్యా. అచ్చులో ఎక్కడా లేదు."

"పోనీలే. నువ్వు విన్నావుగా" అన్నాడు.

ఆషాఢంలో, బల్కంపేట ఎల్లమ్మ కల్యాణం నాడు, డయాలసిస్ మధ్యలోనే అతని గుండె ఆగిపోయింది. బయట జాతరకు పోయే జనం. లోపల నర్సు నా చేతిలో అతని కళ్లజోడు పెట్టింది. పంజాగుట్ట శ్మశానంలో కొరివి నేనే పెట్టాను. వార్త తెలిసి మేడ మీది పిల్లల్లో ముగ్గురు వచ్చారు. ఇప్పుడు మీసాలు, ఉద్యోగాలు. ఒకతను బెంగళూరు నుంచి రాత్రంతా బస్సులో వచ్చాడు. స్నానాలయ్యాక నన్ను బలవంతంగా కూర్చోబెట్టి, "తినండి అత్తా, మీరు ముట్టకపోతే మేమూ ముట్టం" అన్నాడు. వాళ్ల కోసం తిన్నాను.

దినాలయ్యాక సాధన పేజీ తెరిచాను. చనిపోయినవాళ్ల వ్యాసంలో కాలం మార్చాలి కదా అనుకున్నాను. మొదటి వాక్యం, 'అతను ఒక విద్యా సంస్థ వ్యవస్థాపకుడు.' ఎంతసేపు చూసినా అందులో మార్చడానికి క్రియాపదమే లేదు. బతికున్నప్పుడు ఎలా ఉందో ఇప్పుడూ అలాగే ఉంది. పుట్టిన ఏడాది పక్కన ఒక అడ్డగీత గీసి ఈ ఏడాది వేశాను. అప్పటిదాకా రాని ఏడుపు ఆ చిన్న గీత చూశాక వచ్చింది.

ఆదివారం ఖైరతాబాద్ వెళ్లి రెండు పేజీలూ తొలగించమని అడిగాను.

"ఉండనీయుండ్రి మేడం, ఎవలకు అడ్డమున్నయి" అన్నాడాయన.

"వద్దండి. ఆ నాలుగు వాక్యాలు మా అన్నయ్య కాదు."

ఆయన తొలగించాడు. లాప్‌టాప్ మూసి, బయటికెళ్లి రెండు చాయ్‌లు పట్టుకొచ్చాడు. హాల్లో మిగతావాళ్లు వెళ్లిపోయారు. నా ఎదురుగా కుర్చీ లాక్కుని, "మీ అన్న ఎట్లుండేటోడు మేడం?" అని అడిగాడు.

ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు. అన్నయ్యగారికి వంకాయ కూర పడేది కాదని చెప్పాను.