ఎర్ర ఈనెల చెట్టు

రొకియా అక్క పెద్ద గిన్నెలో టీ పెట్టిందంటే మా ఊళ్లో ఎవరో పోలీసులకు దొరికారన్నమాట. మేం రబ్బరు చెట్లు గీసి పాలు తీసి బతికేవాళ్లం. అలుపు తెలియనివ్వని క్రతోం ఆకు నమలందే ఒళ్లు వంగదు. ఆ రోజుల్లో ఆ ఆకు నేరం. ఎవడికి జరిమానా పడినా అక్క మసీదు పక్కన పందిరి వేయించేది. ఊరంతా వచ్చి టీ తాగి, తోచింది కవర్లో పెట్టి పెట్టెలో వేసి పోయేవాళ్లం. వచ్చినవాడు ఎవడైనా సరే, టీ లేదనకూడదు.

దాడులు పెరిగిన కొద్దీ ఆకు ధర పెరిగేది. ధర చూసి కుర్రాళ్లు అమ్మకానికి దిగేవాళ్లు. దొరికితే మేం చందాలేసి విడిపించేవాళ్లం, వాళ్లు మళ్లీ అమ్మేవాళ్లు. సర్కారుకు జరిమానా, మాకు పుణ్యం. భలే వరస!

ఆ శుక్రవారం పందిరి డోలా కోసం, గడువిచ్చి వదిలారు. సోమవారంలోగా జరిమానా కట్టకపోతే రోజుల లెక్కన లోపల కూర్చోవాలి. అతని భార్య సురైనీ నెలలు నిండిన కడుపుతో పెట్టె పక్కనే కూర్చుంది. డోలా గ్లాసులు కడుగుతున్నాడు.

అందరికంటే ముందు వచ్చి కూర్చున్నది అతన్ని పట్టుకున్న సార్జెంటు విచియన్.

"టీ అదిరిందక్కా, ఇంకోటి పొయ్యి," అంటూ బల్ల మీద ఒక ఆకు పెట్టాడు. "ఇది డోలా సంచీలోది. ఈనె ఎర్రగా ఉంది చూశారా? నేను కొట్టించిన మీ ఊరి చెట్లన్నీ తెల్ల ఈనెలవి, దొరికినవాళ్ల సంచుల్లో మాత్రం ఎప్పుడూ ఇదే. ఇదెవరి చెట్టు?"

ఎర్ర ఈనెల చెట్టు ఊళ్లో ఒక్కటే, అక్క వంటింటి వెనక. పసిపిల్లలకు కూడా తెలుసు.

"కోతి తెచ్చి పడేసుంటుంది సార్," అన్నాడు ముసలి మాన్.

"కోతి మీద రాయమంటావా కేసు? చెట్టు చూపించండి, వెంటనే లేచిపోతా. లేదంటే సాయంత్రం దాకా ఇక్కడే. టీ బాగుందిగా!"

అతని ఎదుట పెట్టె వైపు చెయ్యి చాచే ధైర్యం ఎవరికుంది? జనం వచ్చారు, తాగారు, కవర్లు జేబుల్లోనే పెట్టుకుని వెళ్లిపోయారు. మధ్యాహ్నం నమాజు అయింది. పెట్టె ఖాళీ. సురైనీ దాని మూత సర్దుతూనే ఉంది. నా కవరు చెమటకు తడిసిపోయింది. పొద్దున నేను నమిలింది ఆ చెట్టు ఆకే. అయినా ఆ కవరు జేబు దాటలేదు. నా బతుక్కి సిగ్గుచేటు.

అక్క సురైనీ వైపు చూసింది. గరిటె తీసుకెళ్లి డోలా చేతిలో పెట్టింది.

"అడుగంటకుండా కలుపుతూ ఉండు. పదండి సార్. చెట్టు నాది."

"అక్కా, వద్దు! స్టేషన్లో రెండు రోజులు అడిగినా నేను చెప్పలేదు."

"నోర్ముయ్. మీరంతా దొరికింది నా ఆకుతోనే. ఇన్నేళ్లూ టీ ఊరికే కాశాననుకున్నావా?"

వాళ్లు అటు వెళ్లగానే మా చేతులకు ప్రాణం వచ్చింది. కవర్లతో పెట్టె మూత పడలేదు. వంటింటి వెనక గొడ్డలి దెబ్బలు వినిపిస్తుంటే ఒక్కరం కూడా తల ఎత్తలేదు.

మరుసటి శుక్రవారం, లోపలున్న అక్క కోసం పందిరి వేశాం. టీ కాచింది డోలా. బయటికి రాగానే అక్క అడిగిన మొదటి మాట, "మాడ్చాడా?"

"మాడ్చాడక్కా."

"తాగారా?"

"తలా రెండు గ్లాసులు."

అక్క కొంగుతో కళ్లు తుడుచుకుంది.

ఏడాది తిరక్కుండానే చట్టం మారింది. ఇప్పుడు ఆకు కట్టలు రోడ్డు పక్కన అరటిపళ్ల సరసనే అమ్ముతున్నారు, కారుచౌక. ఎవరూ దొరకరు, పందిళ్లూ లేవు.

"ఒక్క ఏడాది ఓపిక పట్టుంటే చెట్టు మిగిలేది కదక్కా," అన్నాను ఒకసారి.

"సురైనీ కడుపు ఏడాది ఆగుతుందా?" అంది.

ఆ రోజు నా కవరు ఎంతసేపు జేబులో ఉందో ఆవిడ చూసింది. ఇంతవరకూ ఆ మాట ఎత్తలేదు.