నీళ్ళ కింద బిగిసిన ముడి

మా పేటలో పోలమ్మ పండుగ జరిగిన ప్రతిసారీ ఎవరో ఒకరికి పూనకం వచ్చేది. అందరూ చేతులు జోడించి నిలబడితే, నేను మాత్రం పూనకం వచ్చిన మనిషి కళ్ళు ఎటు తిరుగుతున్నాయో చూసేదాన్ని. పదేళ్ళకే నాకు అంత అనుమానం. దెయ్యాలు, ఆత్మలు, పోయినవాళ్ళు కలలోకి వచ్చి కబురు చెప్పడం, ఇవేవీ నేను ఏనాడూ నమ్మలేదు. ఇది రాస్తున్న ఈ రోజు కూడా నమ్ముతున్నానని చెప్పను. జరిగింది మాత్రం జరిగినట్టు చెప్తాను.

నా పేరు నూకరత్నం. ఐర్లాండులో మేయో కౌంటీలో, కాజిల్‌బార్‌కి కొంచెం దూరంలో ఉంటాం. వైద్య పరికరాలు తయారుచేసే ప్లాంటులో క్వాలిటీ ఇంజనీర్ని. మా ఆయన శ్రీను ఆసుపత్రిలో నర్సు. మాకు ఒక కూతురు, మైథిలి. అప్పటికి దానికి తొమ్మిదేళ్ళు.

మేం భీమిలి వైపు జాలరులం. ఈ మాట ఇప్పుడు ఎంత తేలిగ్గా రాశానో చూడండి. ఇంజనీరింగ్ చదివేటప్పుడు హాస్టల్లో నాలుగేళ్ళు ఈ మాట నోట రానివ్వలేదు. ఇంటి నుంచి తిరిగి వెళ్ళిన రోజు బట్టలకి చేపల వాసన ఉందేమోనని రెండుసార్లు ఉతికేదాన్ని. ఇక్కడికి వచ్చాక, ప్లాంటులో నాతో పనిచేసే ఆండ్రిస్ అనే లాత్వియా ఆయన ఒక ఆదివారం నన్ను చేపలకి తీసుకెళ్ళాడు. పైక్ చేప పడింది. దాని నోట్లోంచి గాలం తీయడానికి అతను పట్టకారు వెతుక్కుంటుంటే, నేను మొప్ప కింద వేలు పెట్టి, క్షణంలో తీసి చేతిలో పెట్టాను. "ఎక్కడ నేర్చుకున్నావు?" అన్నాడు. మాది జాలరి కుటుంబం అని మొదటిసారి గట్టిగా, గర్వంగా చెప్పాను.

ఆ తర్వాత నన్ను ఎవరూ ఆపలేకపోయారు. మూడేళ్ళు తిరక్కుండా సొంత పడవ కొన్నాను. పాతదే, పంతొమ్మిది అడుగుల ఫైబర్ పడవ. చెక్క పడవే అందమని ఇక్కడి పెద్దవాళ్ళు అంటారు. అందం నిజమే కానీ, ఏటా దాన్ని గీకి రంగు వేసే ఓపిక ఉన్నవాళ్ళకే అది. మా వంశంలో పడవ కొన్న మొదటి ఆడది నేనే. మా పేటలో ఆడవాళ్ళు చేపలు అమ్ముతారు, ఎండబెడతారు, వలలు బాగుచేస్తారు. తెప్ప మాత్రం ఎక్కరు.

ఆండ్రిస్‌తో నాకు రోజూ గొడవే. వాళ్ళ దేశంలో చలికాలం సరస్సులు గడ్డకడితే, మంచుకి బెజ్జం వేసి, బకెట్ బోర్లించి దాని మీద కూర్చుని చేపలు పడతారట. అంతకు మించిన వేట లేదంటాడు. అది వేట కాదు, బోరు వేసి నీళ్ళు తోడినట్టు అని నేను. పడవ ఉండాలి, గాలి ఉండాలి, చేప ఎక్కడుందో మన బుర్ర చెప్పాలి. ఐర్లాండులో ఎలాగూ మనిషిని మోసేంత మంచు గడ్డకట్టదు, కట్టినట్టు కనిపించినా దాని మీద కాలు పెట్టకూడదు. అయితే అతను మంచు మీద వాడే మూరెడు గాలపు కర్ర ఒకటి నాకు ఇచ్చాడు. పడవ పక్కనే నిటారుగా గాలం దించడానికి అంత మంచి కర్ర లేదు. ఈ సంగతి అతనికి చాలా రోజులు చెప్పలేదు.

ఇదంతా ఎందుకంటే, పనిముట్ల విషయంలో నాకు కాస్త పొగరు ఎక్కువని మీకు తెలియాలి.

2020 వేసవి. మా ప్లాంటులో వెంటిలేటర్ల గొట్టాలు తయారవుతాయి కాబట్టి లాక్‌డౌన్‌లోనూ మాకు సెలవు లేదు. శ్రీను ఆసుపత్రి నుంచి వచ్చి, గరాజ్‌లోనే బట్టలు మార్చుకుని, చిన్న గదిలో విడిగా పడుకునేవాడు. కూతురు తలుపు బయట కూర్చుని నాన్నకి కథలు చదివేది. ఆంక్షలు కొంచెం సడలించి, సొంత కౌంటీలో తిరగవచ్చు అన్నాక వచ్చిన మొదటి శనివారం నేను సరస్సుకి వెళ్ళాను. ఒక పడవలో రెండు ఇళ్ళవాళ్ళు ఎక్కకూడదు కాబట్టి ఆండ్రిస్ తన పడవలో, నేను నా పడవలో.

ఉదయం ఒడ్డున కొత్త నైలాన్ తాడు లంగరుకి కట్టాను. రెండు చుట్లు, వాటి మీద రెండు మామూలు ముళ్ళు. ఆండ్రిస్ రెండు గజాల దూరంలో నిలబడి చూశాడు.

"కొత్త నైలాన్ జారుతుంది రత్నా. వేరే ముడి వెయ్యి. మధ్యలో గొలుసు ఉంటే ఇంకా మంచిది."

"జాలరి పిల్లకి ముళ్ళు నేర్పకు," అన్నాను.

నిజానికి నాకు వచ్చిన ముళ్ళన్నీ ఇక్కడికి వచ్చాక వీడియోలు చూసి నేర్చుకున్నవే. అతని మీద పంతంతోనే లంగరుని పడవ ముక్కు మీద పెట్టి ఫోటో తీసి, ఐర్లాండులో చేపలు పట్టే మా ఏడుగురు తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో పెట్టాను. తొమ్మిది ఇరవైకి. అందులో ముడి స్పష్టంగా కనిపిస్తుంది.

పదకొండున్నర దాకా ఆకాశం బాగానే ఉంది. ఆండ్రిస్ ఒక చిన్న దీవి వెనక్కి వెళ్ళాడు. నాకు మూడు పెర్చ్ చేపలు పడ్డాయి. అప్పుడు వాయవ్యం నుంచి గాలి లేచింది. సముద్రం మీద గాలి వచ్చేముందు కబురు పెడుతుంది, సరస్సు మీద అలా కాదు. అయిదు నిమిషాల్లో నీళ్ళు తెల్లగా అయిపోయాయి.

ఇంజిన్ తాడు లాగాను. పలకలేదు. మళ్ళీ లాగాను. పెట్రోలు వాసన గుప్పున కొట్టింది, ఇంజిన్‌లోకి పెట్రోలు ఎక్కువ చేరిపోయిందని అర్థమైంది. తెడ్లు వేశాను. కుడి తెడ్డుని పట్టి ఉంచే ఇనుప కొక్కెం ఊడి నీళ్ళలో పడిపోయింది. వెనక్కి తిరిగి చూస్తే, నల్లరాళ్ళ వరస వంద గజాలు కూడా లేదు. వేసవిలో నీళ్ళు తగ్గి ఆ రాళ్ళ తలలు బయటికి వచ్చి ఉన్నాయి. ఫైబర్ పడవ వాటికి కొట్టుకుంటే ఏమవుతుందో నాకు తెలుసు. లైఫ్ జాకెట్ ఉంది. కానీ ఆ నీళ్ళ చలి జూన్‌లో కూడా మనిషికి ఊపిరాడనివ్వదు.

లంగరు చేతిలోకి తీసుకున్నాను. అప్పుడు చూశాను. పొద్దుటి నుంచి పడవ ముక్కులో కొట్టుకుని కొట్టుకుని ముడి వదులైపోయింది. ఒక ముడి పూర్తిగా ఊడింది. రెండోది నోరు తెరుచుకుని ఉంది. తాడు కొస రెండు అంగుళాలు కూడా మిగల్లేదు. మళ్ళీ కట్టాలంటే రెండు చేతులూ, ఒక నిమిషమూ కావాలి. పడవ అడ్డం తిరుగుతోంది. ఒక అల లోపలికి వచ్చింది. ఇంక ఆలోచించకుండా విసిరేశాను. తాడు అరచేతుల్లోంచి జర్రున పోయింది.

ఒక్కసారి జారింది. మళ్ళీ జారింది. లంగరు నేల మీద ఈడ్చుకుపోతున్నట్టు తాడు వణికింది. ఇంక తాడు ఒక్కటే పైకి వస్తుందని ఎదురుచూస్తున్నాను. మైథిలికి మధ్యాహ్నం దోసెలు పోస్తానని చెప్పి వచ్చాను. అదొక్కటే గుర్తొచ్చింది.

ఉన్నట్టుండి పడవ ముక్కు గాలి వైపు తిరిగి, ఆగిపోయింది. తాడు వీణ తీగలా బిగిసింది.

నలభై నిమిషాలు అలాగే ఉంది. వెనక రాళ్ళ మీద నీళ్ళు విరిగే చప్పుడు వింటూ, చేయి తాడు మీద పెట్టి కూర్చున్నాను. ఒక్కసారి కూడా తాడు జారలేదు.

గాలి తగ్గాక ఆండ్రిస్ దీవి వెనక నుంచి వచ్చాడు. ముఖం పాలిపోయి ఉంది. నాకు ఒక తాడు విసిరి, "లంగరు తియ్యి, లాక్కుపోతాను" అన్నాడు. తీశాను. నాచు, బురద, వాటి మధ్యలో ముడి.

అది నేను వేసిన ముడి కాదు.

లంగరు కడియానికి రెండు చుట్లు, కొస ఆ రెండు చుట్ల కిందనుంచి దూరి, తాడు చుట్టూ ఎడమవైపుకి మూడుసార్లు తిరిగింది. అక్కడితో అయిపోలేదు. మూడు పురుల తాడులో పురులు విడదీసి, వాటి మధ్యనుంచి కొసని అల్లి లోపలికి దాచి ఉంది. కొస బయటికి కనపడదు. ఆ ముడికి ఎంత లేదన్నా జానెడున్నర తాడు కావాలి. నా దగ్గర రెండు అంగుళాలు కూడా లేదు.

ఆండ్రిస్ తన పడవలోంచి వంగి చూశాడు. "ఇది మంచి ముడి. ఎప్పుడు మార్చావు?"

నేను ఫోన్ తీసి ఆ ముడికి ఫోటో తీశాను. ఆ ముడి ఎవరిదో నాకు తెలుసు.

మా తాత పేరు పోలయ్య. ఎడమచేతి వాటం కాబట్టి పేటలో పుర్ర పోలయ్య అనేవారు. అతను వేసే ముళ్ళన్నీ మిగతావాళ్ళ ముళ్ళకి తిరగబడి ఉండేవి. పురులు విడదీయడానికి సన్నటి కర్ర మేకు ఒకటి పళ్ళ మధ్య పట్టుకుని కట్టేవాడు. ఇసకలో అతని ఎదురుగా కూర్చుని గంటలు గంటలు చూసేదాన్ని. ఒకసారి నాకూ నేర్పమని అడిగాను.

"ఆడగుంటవి, నీకెందుకే తెప్ప ముడి? అటెల్లి సదువుకో," అన్నాడు. కోపంగా కాదు, నవ్వుతూనే. కానీ నేర్పలేదు. నేను ఇంటర్ రెండో ఏడాదిలో ఉండగా పోయాడు.

ఇంటికి వచ్చి రెండు ఫోటోలూ పక్కపక్కన పెట్టుకుని చూశాను. తొమ్మిది ఇరవైది, ఒంటిగంట అయిదుది. అదే లంగరు, అదే తాడు, తాడు మీద అదే ఎర్ర గీత. ముడి వేరు. శ్రీనుకి తలుపు బయటనుంచే ఫోన్ చూపించాను. చాలాసేపు చూసి, "కంగారులో నువ్వే కట్టుంటావేమో రత్నం. చేతులకి గుర్తుంటాయి అలాంటివి," అన్నాడు. సోమవారం ప్లాంటులో ఆండ్రిస్ కూడా అదే అన్నాడు.

నేర్చుకున్న చేతులకి గుర్తుంటుంది. నా చేతులు ఆ ముడి ఒక్కసారి కూడా వేసి ఎరగవు. నాది కుడిచేతి వాటం. నా దగ్గర మేకు లేదు. అన్నిటికన్నా ముందు, ఊడిపోతున్న ముడిని నా కళ్ళతో చూసి నీళ్ళలోకి విసిరాను.

ఫోటో మా చిన్నాన్నకి పంపాను. ఇప్పటికీ వేటకెళ్ళే మనిషి. గంటలో వాయిస్ మెసేజ్ వచ్చింది.

"ఓలమ్మో, ఇది మా అయ్య ముడి కాదేటే! ఎవులేసారు? ఇక్కడెవులికీ రాదు గదే. నాకే రాలేదు. ఆ కొస ఎలగ దూరస్తాడో ఎవులికీ సూపించేవోడు కాదు."

ఆ మెసేజ్ నేను ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. భయం వేయలేదా అని అడిగేవాళ్ళున్నారు. లేదు. గర్వంగా అనిపించింది. తెప్ప మీద ఆడగుంట నీడ కూడా పడనివ్వని మనిషి ముడి, నా పడవ లంగరుకి ఉంది.

రెండు వారాలు ఆ ముడి ముట్టుకోలేదు. తర్వాత ఒక ఆదివారం వంటింటి బల్ల మీద పాత దుప్పటి పరిచి, మైథిలి చేతికి ఫోన్ ఇచ్చి, వీడియో తీయమన్నాను. కర్ర మేకు లేదు కాబట్టి అల్లిక సూది తీసుకున్నాను. ఒక్కో పురి విడదీస్తూ, ఒక్కో మెలిక దగ్గర ఆగుతూ, కాగితం మీద బొమ్మ గీసుకుంటూ విప్పాను. రెండు గంటలు పట్టింది.

"మామ్, ఇట్స్ ఓన్లీ ఎ నాట్, లైక్," అంది మైథిలి చేతులు నొప్పెట్టి.

"కదలకుండా పట్టుకో," అన్నాను.

సాక్ష్యాన్ని పాడుచేశావు కదా అని ఆండ్రిస్ తిట్టాడు. క్వాలిటీ ఇంజనీర్ చేయాల్సిన పని కాదు, నిజమే. కానీ అది దాచుకునే ముడి అని నాకు అనిపించలేదు.

పన్నెండుసార్లు తప్పు వేశాను. పదమూడోసారి వచ్చింది. ఎడమచేత్తోనే వస్తుంది, కుడిచేత్తో రాదు.

ఆంక్షలన్నీ ఎత్తేశాక మా చేపల క్లబ్బువాళ్ళు కొత్తవాళ్ళకి ఒక రోజు శిక్షణ పెట్టారు. లంగరు సంగతి నన్ను చెప్పమన్నారు. తాడుకీ లంగరుకీ మధ్య గొలుసు తప్పకుండా పెట్టుకోండని చెప్పాను. తర్వాత ఆ ముడి నేర్పాను. పద్నాలుగు మంది, అందులో అయిదుగురు ఆడవాళ్ళు. ముందు వరసలో కూర్చున్న ఒక పెద్దాయన, డెబ్బై ఏళ్ళ నుంచి సరస్సు మీదే ఉన్నవాడు, ముడిని చేతిలో తిప్పి తిప్పి చూసి, "గ్రాండ్. నేనెప్పుడూ చూడలేదు. ఎవరు నేర్పారు?" అన్నాడు.

"మా తాత," అన్నాను.

ఎప్పుడు నేర్పాడని ఆయన అడగలేదు. అడిగి ఉంటే ఏం చెప్పేదాన్నో నాకు ఇప్పటికీ తెలియదు.