గేటు లేని పట్టాల దగ్గర ఏడు రోజులు

మొన్నొక మధ్యాహ్నం హిందూపురంలో మా ఇంట్లో మందులు వేసుకుని కూర్చుని టీవీ పెడితే పార్లమెంటు నడుస్తోంది. ఎవరో సభ్యుడు తమ ఊరి దగ్గర ప్రమాదకరమైన మలుపు గురించి అడిగితే, మంత్రిగారు చేతిలోని కాగితం చూసి, అక్కడ తగినంత రద్దీ లేదని చదివి కూర్చున్నారు. మా ఆవిడ సీరియల్ పెట్టమంటున్నా నాకు చెయ్యి ఆడలేదు. ఆ కాగితాన్ని ఏ ఊళ్లో ఏ గుమాస్తా టైపు కొట్టాడో, తెలిసి తెలిసి ఏమి దాచాడో అన్న దిగులు పట్టుకుంది. నా ఈడువాళ్లకు, అందులోనూ సర్కారు కొలువు చేసినవాళ్లకు చెప్పుకుంటే ఈ బాధ అర్థమవుతుందని రాస్తున్నాను.

తొంభైల నాటి మాట. ధర్మవరంలో రైల్వే ఆఫీసులో గుమాస్తాగా చేరి ఏడాది కూడా నిండలేదు, కొలువు ఇంకా ఖాయం కాలేదు. మా నాయన చిన్నప్పుడే పోతే నన్ను చదివించింది మా చిన్నాయన. ఆయన పెనుకొండ దగ్గర ఒక పల్లెలో సేద్యం చేసేవాడు. ఆ ఊరు పట్టాలకు ఇవతల, పొలాలన్నీ అవతల. దాటేచోట గేటు లేదు, కాపలా మనిషి లేడు, మలుపులో తుమ్మచెట్లు అడ్డం. గేటు కోసం చిన్నాయన పెట్టని అర్జీ లేదు, ఎక్కని ఆఫీసు మెట్టు లేదు.

గేటు ఇవ్వాలంటే ముందు అక్కడి రద్దీ లెక్క తీయాలి, దాటే బండ్లు ఎక్కువుంటేనే గేటు. వారం రోజులు పట్టాల పక్కన కూర్చుని, దాటిన ప్రతి ఎద్దులబండికీ ట్రాక్టరుకీ సైకిలుకీ ఒక గీత గీయాలి. నడిచిపోయేవాళ్లను మాత్రం లెక్కించకూడదు. పగటి వంతు నాకు పడింది. ఆ సంగతి తెలిసి చిన్నాయన పొంగిపోయాడు. పొంగిపోయి ఆయన చేసిన పని తలుచుకుంటే ఇప్పటికీ నవ్వాలో ఏడవాలో తెలియదు. తెల్లవారేసరికి తువ్వాలు ఊపుకుంటూ పట్టాల ముందు నిలబడి, వచ్చిన ప్రతి బండినీ రెండు మైళ్లు చుట్టు తిరిగే వంతెన దారికి మళ్లించడం మొదలుపెట్టాడు. సర్కారువాళ్లు ఊరి నడత చూడటానికి వచ్చినారని, అడ్డదిడ్డంగా దాటితే గేటు ఇవ్వరని ఆయన నమ్మకం. దూరం నుంచే నాతో, "మనూరోళ్లు పద్ధతైనోళ్లని రాసుకోప్పా, ఒక్క బండిని గూడా దాటనిస్తాండ్లేదు నేను," అన్నాడు.

రెండో రోజుకే నాకు అంతా అర్థమైంది. కానీ నాతో కూర్చున్న పై ఉద్యోగి ముందు, లెక్క తీసేవాడే తన చిన్నాయనతో బండ్లు దాటించమని చెబితే ఏమవుతుంది? కొలువు ఊడుతుంది. సాయంత్రం ఆయన ఇంటికి వెళ్లి చెవిలో ఒక్క మాట వేసి ఉండవచ్చు. వేయలేదు. చూసింది రాశానని మనసుకు సర్దిచెప్పుకున్నాను. అది నిజాయితీ కాదు, పిరికితనం. ఏడో రోజు ఆ ఖాళీ కాగితం కింద సంతకం పెట్టాను.

కొన్ని నెలలకు చిన్నాయన అర్జీ ఎవరి ద్వారానో ఢిల్లీ చేరి, పార్లమెంటులో ప్రశ్న పడింది. పార్లమెంటు ప్రశ్న వచ్చిన రోజు ఆఫీసులో ఎవరికీ అన్నం వేళ ఉండేది కాదు. సాయంత్రం నాలుగింటికి సమాచారం పైకి పోవాలి. టైపు మిషను ముందు నేనే. ఆ వారం ఊరివాళ్లు బండ్లు ఆపేశారని, మళ్లీ లెక్క తీయాలని చివర ఒక వాక్యం కొట్టి పెద్ద గుమాస్తాకు చూపించాను. ఆయన మంచివాడే. కళ్లద్దాలు తీసి, "ఉండనీప్పా, నాకేమి అడ్డం లేదు. తప్పని తెలిసే సంతకం పెట్టినానని గూడా దాని కిందనే కొట్టు," అన్నాడు. గడియారం మూడున్నర దాటింది. ఎవరైనా వచ్చి నా చేయి పట్టుకుని ఆ మాట కొట్టిస్తే బాగుండునని అటూ ఇటూ చూశాను. ఎవరూ రాలేదు. వేరే కాగితం ఎక్కించి, ఆ వాక్యం లేకుండా కొట్టాను.

రద్దీ తగినంతగా లేనందున ప్రస్తుతానికి గేటు ప్రతిపాదన లేదని మంత్రిగారు సభలో చెప్పారు. ఆ వార్త పడిన పేపరు మడిచి పట్టుకుని చిన్నాయన ధర్మవరం వచ్చాడు. కోపం లేదు. అదే నన్ను ఎక్కువ చంపింది. "అంత పద్ధతిగా ఉంటిమి గదప్పా, యాడ తప్పు జరిగింటుంది?" అని అడిగాడు. టీ తాగుదాం పద చిన్నాయనా అన్నాను.

ఆ ఏడాది వేరుశనగ బాగా పండింది. కాయ నింపిన ట్రాక్టరు తోలుకుని మిట్టమధ్యాహ్నం పట్టాలెక్కిన చిన్నాయనకు ఇంజను మోతలో రైలు కూత వినపడలేదు. నేను వెళ్లేసరికి పట్టాల వెంట కాయలు చెల్లాచెదురుగా ఉన్నాయి. చిన్నమ్మ నన్ను పట్టుకుని, నీ చేతులో ఉండి గూడా గేటు తేలేకపోతివే అని ఏడ్చింది. నిజం చెప్పలేదు. ఆమె పోయేదాకా చెప్పలేదు.

తరువాత గేటు వచ్చింది, కాపలా మనిషి వచ్చాడు. ఇప్పుడు అదీ లేదు, పట్టాల కిందుగా సిమెంటు దారి వేశారు. బండ్లు ఆగకుండా పోతాయి, అక్కడ ఒకప్పుడు ఆగాల్సి వచ్చేదని కూడా ఎవరికీ తెలియదు. పెనుకొండ వెళ్లినప్పుడల్లా నేను మాత్రం ఆటో ఆపించి దిగుతాను. ఆ ఏడు రోజులూ తువ్వాలు పట్టుకుని చిన్నాయన నా కళ్లెదుటే పట్టాలు అటూ ఇటూ ఎన్నిసార్లు దాటాడో. కాలినడకన దాటాడు కనుక ఆయనకు నేను ఒక్క గీత కూడా గీయలేదు.