పేలికలు లేని సంచులు

తెలంగాణ కోసం ఊళ్లన్నీ సమ్మెలో ఉన్న ఏడాది, జనగామలో మక్క విత్తనాలు శుభ్రం చేసి సంచులకెత్తే చిన్న యూనిట్‌లో నేను కంప్యూటర్ ఆపరేటర్‌ని. అప్పుడే మాకు కొత్త సాఫ్ట్‌వేర్ వచ్చింది. హైదరాబాద్ నుంచి ఫోన్‌లో నేర్పే అతను, నేను "గిట్లనా?" అని అడిగినప్పుడల్లా పక్కవాళ్లకు వినిపించేలా నవ్వేవాడు. నాకు ఒళ్లు మండేది. నెల తిరక్కుండా ఆ సాఫ్ట్‌వేర్‌ను కొట్టినపిండి చేసుకున్నాను. ఆ పంతమే కొంప ముంచింది.

అంతకు ముందు మా దగ్గర గుర్తులన్నీ పేలికల మీద నడిచేవి. సంచులు కుట్టే చాచీ పాత చీరల అంచులు చించి, ఏ కుప్ప విత్తనాలకు ఆ రంగు పేలిక సంచి మూతికి కట్టేది. కురవి వైపు నుంచి వచ్చిన పంటకు పచ్చది. తడిసినవాటికి, మొలక మీద అనుమానం ఉన్నవాటికి నల్లది. నల్ల పేలిక ఉన్న సంచిని హమాలీలు ముట్టేవారు కాదు. సాఫ్ట్‌వేర్‌లో లాట్ ట్రాకింగ్ పెట్టాక ఒక్కో కుప్పకు ఒక్కో నంబరు వచ్చింది. ఇంకా ఈ గుడ్డముక్కలెందుకు, చూడ్డానికి అసహ్యంగా, అని నేనే అన్నీ విప్పించాను.

"నీ డబ్బాల ఉన్నదంటే సరే బేటీ" అంది చాచీ. పేలికలన్నీ మూటకట్టి ఇంటికి పట్టుకుపోయింది.

ఆ వానాకాలం గోదాం రేకుల్లోంచి నీళ్లు కారి ఒక కుప్ప తడిసింది. ఎండబోసి మళ్లీ సంచులకెత్తాం గానీ మొలక పరీక్షలో అది తప్పింది. సాఫ్ట్‌వేర్‌లో ఆ లాట్‌ను బయటికి కదలకుండా ఆపి ఉంచాను. చూడ్డానికి మాత్రం ఆ సంచులూ మిగతా సంచుల్లాగే ఉన్నాయి.

సమ్మె ముదిరింది. భూపాలపల్లిలో బొగ్గు తవ్వకం ఆగింది. కరెంటు ఎప్పుడొస్తుందో ఎప్పుడు పోతుందో తెలియదు. యాసంగి మక్క వేసే రోజులు కావడంతో మరిపెడ డీలర్ ఫోన్ మీద ఫోన్ చేస్తున్నాడు. ఎట్టకేలకు ఒక పొద్దున లారీ దొరికింది. కరెంటు గంటసేపే ఉంటుందన్నారు. లాట్ నంబరు కొట్టనిదే సాఫ్ట్‌వేర్ ఒక్క సంచినీ వదలదు. అన్నిటికీ కొడుతూ కూర్చుంటే సాయంత్రమవుతుంది.

"ఏదన్న ఉపాయం చెయ్యమ్మా, రైతులు ఎదురుచూస్తున్నరు" అన్నాడు మేనేజర్ సార్.

ఉపాయం నాకు తెలుసు. లాట్ ట్రాకింగ్ దగ్గరున్న టిక్కు తీసేస్తే నంబర్లు అడగదు. నిల్వ ఉండగా ఆ టిక్కు కదలదు కాబట్టి నిల్వనంతా సున్నా చేశాను, టిక్కు తీశాను, మళ్లీ మొత్తాన్నీ ఒకే కుప్పగా ఎక్కించాను. పది నిమిషాల పని. లాట్లన్నీ చెరిగిపోయాయి. నేను ఆపి ఉంచిన తడి లాట్ కూడా మంచి సరుకులో కలిసిపోయింది. అది నాకు తట్టనే లేదు. ఫోన్‌లో నవ్విన మనిషి ఇప్పుడు నన్ను చూడాలి అనుకున్నాను, అంతే.

చాచీ ఉంటే మూలన వేసిన ఆ తడిసిన కుప్ప సంచులను గుర్తుపట్టేదేమో. ఆ రోజు మా ఆడవాళ్లంతా రోడ్డు మీద వంటావార్పుకు పోయారు. బయటి హమాలీలు వచ్చి గోదామంతా ఊడ్చినట్టు ఎత్తేశారు. విత్తనాల లారీ అని తెలిసి చాచీ వాళ్లే పొయ్యి రాళ్లు జరిపి దారిచ్చారట. డ్రైవర్ ఆ మాట చెబితే నా కళ్లు చెమర్చాయి. నేనూ ఉద్యమంలో ఉన్నట్టే అనిపించింది.

పన్నెండు రోజుల తర్వాత మరిపెడ దగ్గరి తండా నుంచి ఒక రైతు వచ్చాడు. బస్సుల్లేక ఆటోలు మారుతూ, నడుస్తూ రెండు రోజులు పట్టిందట. చంకలో ఖాళీ సంచి. చేనులో మొలక రాలేదు. నేను గొడవకు సిద్ధపడి కూర్చున్నాను. అతను గొడవ పెట్టలేదు.

"నాది పోయింది చెల్లె. మా తమ్ముళ్ల దగ్గర ఇంక ఐదు సంచులున్నయి, ఎయ్యలే. గవి మంచియా, కాదా? గదొక్కటి చెప్పు."

సంచి మీద లారీ రోజు అచ్చేసి అంటించిన చీటీ చూశాను. లాట్ నంబరు ఉండాల్సిన చోట ఉత్త గీత ఉంది. కంప్యూటర్‌లో వెతికాను. ఒకే కుప్ప. మార్చి ఇద్దామంటే గోదాంలో గింజ లేదు.

"నాలుగు గింజలు తడి గుడ్డల కట్టి, మొలకొస్తదేమో చూడు అన్నా."

"నాలుగు దినాలు గావాలె. అప్పటిదాంక చేన్ల పదును ఆగుతదా? గీ కంప్యూటర్ల లేదా?"

ఉండేది, నేనే చెరిపేశాను, అని చెప్పాలి. నోరు తెరిచాను. "సమ్మె కదన్నా. కరెంటు లేక అన్నీ ఆగమైనయి" అన్నాను.

అతను తల ఊపాడు. "తెలంగాణ కోసమైతె ఏం జేస్తం చెల్లె. అందరు ఇడుస్తున్నరు, మేము గింత ఇడుస్తం" అన్నాడు. చాచీ ఇచ్చిన నీళ్లు తాగి, ఖాళీ సంచి మడిచి మళ్లీ చంకన పెట్టుకుని వెళ్లిపోయాడు.

మర్నాడు చాచీ పేలికల మూట తెచ్చి కుట్టు మిషన్ పక్కన పెట్టింది.

రాష్ట్రం వచ్చిన రోజు మా వీధిలో ఎవరెవరు ఏమేం వదులుకున్నారో చెప్పుకున్నారు. ఒకరు జీతం, ఒకరు కొడుకు చదువు. నన్నూ అడిగారు. నేను నాదంటూ ఏదీ వదులుకోలేదు. అబద్ధం చెప్పి ఒక తండా మనిషి చేత ఒక పంట వదిలించాను. అది ఎవరికీ చెప్పలేదు.