రోడ్డు దాటిన చుక్క

నిరుడు ఒంగోలు నుంచి పొదిలి వెళ్లే బస్సులో ల్యాప్‌టాప్ తెరిచి పని చేసుకుంటున్నాను. కిటికీ పక్కన కూర్చున్న పెద్దావిడ బయటి పత్తి చేలను వదిలేసి చాలాసేపటి నుంచి నా తెర వైపే చూస్తోంది.

"ఏందమ్మా అది, ఆటా?" అని అడిగింది.

"కాదండి. చీమకుర్తి సెంటర్లో లారీలూ మనుషులూ ఎట్లా కదులుతారో కంప్యూటర్లో నడిపి చూస్తున్నాం. ఈ పెద్దవి లారీలు, ఈ చుక్కలు మనుషులు. లారీలు వచ్చే వేళలు మారిస్తే ప్రమాదాలు తగ్గుతాయేమో ముందే తెలుస్తుంది."

ఆవిడ తెర మీదికి వంగింది.

"మా ఆయన అక్కడే పోయాడమ్మా. టీ తాగి రోడ్డు దాటతా ఉంటే గ్రానైటు లారీ గుద్దింది."

ల్యాప్‌టాప్ మూయబోయాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుంది.

"ఒక్కసారి ఆ లారీలు ఆపి చూపించమ్మా."

"ఇవి నిజం మనుషులు కాదండి, ఉత్త చుక్కలు."

"తెలుసులే తల్లీ. అయినా ఆపు."

లారీలన్నీ ఆపాను. ఒక చుక్క రోడ్డు మీదికి దిగింది. బస్సు కుదుపులకు తెర ఊగుతున్నా ఆవిడ దాని మీద నుంచి చూపు తిప్పలేదు. చుక్క మెల్లగా అవతలి అంచు చేరింది.

"దాటాడు," అంది, పక్కన నేనున్న సంగతే మరిచిపోయినట్టు.

తన ఊరు రాగానే కొంగు సర్దుకుని దిగి వెళ్లిపోయింది.

ఆ తర్వాత ఆ ప్రోగ్రాం ఎన్నోసార్లు నడిపాను. రోడ్డు మధ్యలో ఎవరైనా ఉండగా మాత్రం దాన్ని ఆపలేకపోతున్నాను.