తూర్పు చెరువు శాసనం చదివిన రోజు

మొన్న ఆదివారం మా మనుమరాలు నన్ను హైదరాబాదులో చరిత్ర సంఘం వారి సభకు తీసుకువెళ్ళింది. చల్లని హాలు, మెత్తటి కుర్చీలు, గోడమీద వెలుగులో నిలువెత్తుగా కనబడే శాసనాల బొమ్మలు. ఉపన్యాసం ఇచ్చిన అమ్మాయి ఎక్కడా తడుముకోకుండా ఎంతో చక్కగా చెప్పింది. అందరూ చప్పట్లు కొట్టారు, కాఫీ తాగారు, వెళ్ళిపోయారు. నేను మాత్రం ఇంటికి వచ్చాక కూడా, భువనగిరి ఆడపిల్లల బడిలో జరిగిన మరో సభను తలుచుకుని నాలో నేను నవ్వుకుంటూ కూర్చున్నాను.

నిజాం రాజ్యం మీద పోలీసు చర్య జరిగి ఏడాది దాటిన రోజులవి. హైదరాబాదులో మా మేనత్త ఇంట్లో ఉండి మెట్రిక్ దాకా ఉర్దూలో చదువుకుని, తెలుగు ఇంట్లోనే నేర్చుకున్న నాకు, భువనగిరి బడిలో తెలుగు చెప్పే పంతులమ్మ ఉద్యోగం కొత్తగా దొరికింది. మా మేనమామ పట్నంలో అప్పుడప్పుడే నిలదొక్కుకుంటున్న ఒక చరిత్ర సంఘంలో శాసనాలు చదివే పనిలో ఉండేవాడు. నిజాం కాలంలో నలుగురు కూడి తెలుగులో మాట్లాడుకోవాలన్నా పైవారి అనుమతి కావలసి వచ్చేది కదా. ఇప్పుడిక ఊరూరా సభలు పెట్టి, పాత నాణేలు, తాటాకు పుస్తకాలు జనానికి చూపించి, వాళ్ళ చరిత్ర వాళ్ళకే చెప్పాలని మామ ఉబలాటం. మొదటి సభ మా బడిలోనే, మూడు రోజులపాటు. ఏర్పాట్లన్నీ నావి. ఇరవై ఏళ్ళయినా నిండని నాకు ఆ బరువు ఎంత గర్వంగా ఉండేదో చెప్పలేను.

సభకు రెండు రోజుల ముందు, భువనగిరికి రెండు కోసుల దూరంలో ఉన్న ఒక ఊళ్ళో శాసనం ఉందని విని, మామ నన్ను వెంటబెట్టుకుని బయలుదేరాడు. మేము కాగితపు చుట్టలతో ఊళ్ళో అడుగుపెట్టగానే మగవాళ్ళంతా చేల వైపు జారుకున్నారు. అటు దొరల మీద తిరగబడ్డ కమ్యూనిస్టు సంఘం వాళ్ళు, ఇటు మిలిటరీ, మధ్యన నలిగిపోయిన ఊరది. శాసనం ఒక అవ్వ ఇంటి పక్కన పశువుల కొట్టం గోడకు ఆనించి ఉంది. పైన సూర్యుడు, చంద్రుడు, కింద ఆవూ దూడా. ఏళ్ళ తరబడి రాసిన నూనె, పసుపు గడ్డకట్టి అక్షరమన్నది కనబడడం లేదు. అవ్వ వచ్చి రాయికి అడ్డంగా నిలబడింది.

"ఎందుకొచ్చిండ్రు బిడ్డా? మొన్న గిట్లనే కాగితాలు పట్టుకొచ్చినోళ్లు నా కొడుకును తోల్కపోయిండ్రు. నెలకు ఇడిసిపెట్టిండ్రు. మళ్ల మా పేర్లు రాసుకపోతరా?"

మీ పేర్లతో మాకు పని లేదు, రాతిమీద ఉన్న రాతనే కాగితం మీదికి ఎత్తుకుంటామని నేను నచ్చజెప్పబోయాను. మాటల్లో ముందు రాయి కడగాలని కూడా అనేశాను. అవ్వ కళ్ళు ఎర్రబడ్డాయి.

"గది రాయి గాదు, మా ఊరు కాసే దేవత పోశవ్వ. పరాయోళ్ల చెయ్యి పడనీయ."

మామ చెప్పులు విడిచి, కాస్త దూరంగా నేలమీద కూర్చున్నాడు. ఆయన అలా కూర్చోవడం చూసి ఏమనుకుందో, అవ్వ లోపలికి వెళ్ళి కుంకుడు రసం, కొబ్బరి పీచు తెచ్చి, "కడుగుతె నేనే కడుగుత" అన్నది. పసిపిల్లకు తల అంటినంత నెమ్మదిగా కడిగింది. అక్షరాలు ఒక్కొక్క వరుసే బయటపడుతుంటే మామ మొహం చూడాలి! తడి కాగితం అంటించి, కుంచెతో కొట్టి, మసి అద్దేసరికి నల్లటి కాగితం మీద తెల్లటి అక్షరాలు లేచి నిలిచాయి. ఇందులో ఏముందని అవ్వ అడిగింది. పాత రాత, కూర్చుని చదవాలి, సభకు వస్తే చెబుతానన్నాడు మామ.

సభ మొదటిరోజు తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. గుమిగూడితే ఏమవుతుందోనన్న భయం జనంలో ఇంకా పోలేదు. బడి పిల్లలు కాక వచ్చినవాళ్ళు పదిమందికి మించరు. మామ గ్రాంథికంలో రాసుకొచ్చిన ఉపన్యాసం ఖాళీ బెంచీలకు చదివాడు. నేను నాణేల బల్ల వెనక నిలబడి, ఎవరూ చూడని ఆ నాణేలనే మళ్ళీ మళ్ళీ సర్దాను.

రెండోరోజు పొద్దున పదింటికి గేటు దగ్గర గొడవ వినబడి పరుగెత్తాను. రెండు ఎడ్లబండ్ల నిండా ఆడవాళ్ళు, ముందు అవ్వ. ఏదో ఊరేగింపు అనుకుని మా బడి చప్రాసి కర్ర అడ్డం పెట్టాడు.

"మా పోశవ్వ రాత సూడనీకి వచ్చినం. జర జరుగు బిడ్డా," అంటూ అవ్వ ఆ కర్రను చేత్తో పక్కకు నెట్టి లోపలికి నడిచింది.

బెంచీలు తీసేయించి జంపఖానాలు పరిపించాను. మామ ఆరోజు కాగితాలు పక్కన పెట్టి, మా అమ్మమ్మ ఇంట్లో మాట్లాడే తెలుగులోనే మొదలుపెట్టాడు. ఏడువందల ఏళ్ళ కిందట ఒకామె తన తల్లిదండ్రుల పుణ్యం కోసం మీ ఊరి తూర్పున చెరువు తవ్వించింది, దాన్ని కాపాడేవాళ్ళకు పొలం రాసి ఇచ్చింది, అన్నాడు. ఊరి పేరు చదవగానే ఆడవాళ్ళంతా ఒక్కసారి గుసగుసలాడారు.

"తవ్విచ్చింది ఆడమనిషా?" అంది అవ్వ కూర్చున్నచోటి నుంచే.

"అవునవ్వా, ఆడమనిషే."

"అయితె గది మా పోశవ్వ కాదా?"

మామ చేతిలోని కాగితాన్ని మళ్ళీ పైనుంచి కిందిదాకా చూసుకున్నాడు. అవ్వే అందుకుని, "కాకపోతేంది! నీళ్లిచ్చిన తల్లే గద. పసుపు పెట్టుడు మాత్రం ఇడువ," అన్నది. బడి కప్పు ఎగిరిపోయేలా నవ్వారందరూ. ఆ నవ్వు విని వీధిలో వాళ్ళు కూడా లోపలికి వచ్చారు.

చివర్లో, ఈ చెరువును చెడగొట్టినవాళ్ళకు గోవును చంపిన పాపం చుట్టుకుంటుందని ఉన్న మాట కూడా మామ చదివాడు. నవ్వులు ఆగిపోయాయి. ఆ చెరువుకు గండిపడి మూడేళ్ళయిందట. బాగు చేయించవలసిన ఊరి దొర గొడవలకు భయపడి ఊరు విడిచి పోయాడు. పారలు పట్టుకుని పదిమంది కలిస్తే సంఘం వాళ్ళనుకుని మిలిటరీ పట్టుకుపోతుందని ఎవరూ కట్ట దగ్గరికి వెళ్ళలేదు.

"మనం చెడగొట్టలే. గని బాగ కూడ చెయ్యలే," అన్నది అవ్వ తనలో తాను అనుకుంటున్నట్టు.

ఆ మధ్యాహ్నం నేను తహసీలుదారుకు అర్జీ రాశాను. జీవితంలో తెలుగులో రాసిన మొదటి అర్జీ అది. కట్ట పనికి కూడేవాళ్ళను ఎవరూ అడ్డగించకుండా చూడమని. శాసనం అచ్చు తీసిన ఆ నల్ల కాగితాన్ని మామ చేతికిచ్చి, ఆయన్ను వెంటబెట్టుకుని అర్జీ నేనే తీసుకువెళ్ళాను. తహసీలుదారు ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి, ఇంత పాత దస్తావేజు తన కచేరీ రికార్డుల్లో లేదని నవ్వి, అర్జీ మీద సంతకం చేశాడు.

మూడోరోజు మా బడిలో నిలబడడానికి జాగా లేదు. ఆ ఎండాకాలం ఊరంతా కలిసి గండి పూడ్చారు, అవ్వ కొడుకు కూడా మట్టి మోశాడు. తొలి వానలకు చెరువు నిండినప్పుడు మామకూ నాకూ కబురు వచ్చింది. జొన్నరొట్టె, చేపల కూర పెట్టారు. కొత్త కట్టమీద ఊరి ఆడవాళ్ళు నన్ను మధ్యలో నిలబెట్టి పాట అందుకున్నారు. నాకు పాడడం రాదు, చప్పట్లు మాత్రం చేతులు ఎర్రగా కందేలా కొట్టాను.

ఆ తరువాత ఎన్నో సభలు చూశాను, కొన్ని నేనే నడిపాను. ఇప్పుడు నలుగురు కూడడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు, అది గాలి పీల్చుకున్నంత మామూలైపోయింది. మామూలు కావాలనే కదా అప్పుడు అంతమంది అన్ని కష్టాలు పడ్డది. కానీ, నా ఈడువాళ్ళు ఒప్పుకుంటారు, పక్కమనిషి భుజం తగిలేలా జంపఖానా మీద ఇరుక్కుని కూర్చుని, భయం లేకుండా గట్టిగా నవ్వడమే ఒక పండగగా ఉండేది మాకు. అంత చిన్నదానికి అంత సంతోషమేమిటని మనుమరాలు అడిగితే, దానికి ఎలా చెప్పాలో నాకు ఇంకా తెలియడం లేదు.